మోతికి జాగా లేని రోజు

నా చిన్నప్పుడు, తెలంగాణ రావడానికి చాలా ఏళ్ల ముందు, దేవరకొండలో మా పాత పెంకుటిల్లు కూలగొట్టి కొత్తది కట్టుకున్నాం. కట్టుకున్నాం అని ఇప్పుడు తేలిగ్గా అంటున్నాను గానీ, ఆ ఏడాది మేం పడ్డ పాట్లు పగవాళ్లకు కూడా వద్దు. ఇప్పటికీ ఎవరైనా ఇల్లు కడుతున్నామని చెప్పి సిమెంటు మంచిదేదో, ఇసుక ఎక్కడ దొరుకుతుందో అడిగితే నాకేమీ తోచదు. మా అవ్వ గుర్తొస్తుంది. మా కుక్క మోతి గుర్తొస్తుంది. నన్ను పెద్దమ్మా అని పిలిచే పిల్లలు ఇప్పుడు ఇంట్లో తిరుగుతున్నారు. వాళ్లు కుక్కపిల్లను తెచ్చుకుంటామని గోల చేస్తుంటే, ఈ సంగతి చెప్పాలని చాలాసార్లు అనుకుని ఊరుకున్నాను.

అవ్వ అంటే మా బాపు తల్లి. ఆమె పుట్టి పెరిగింది మర్రిగూడ దిక్కు. అక్కడి ఫ్లోరైడు నీళ్లు ఎముకల్ని ఏం చేస్తాయో ఆ పక్కవాళ్లకు చెప్పనక్కర్లేదు. నడివయసు దాటేసరికే అవ్వ వెన్ను కర్రలా బిగుసుకుపోయింది. పక్కకు చూడాలంటే మెడ ఒక్కటే తిరగదు, మనిషి మొత్తం తిరగాలి. మోకాళ్లు వంగవు. నేను పుట్టాక ఆ ఏడాదిదాకా ఆమె నేల మీద కూర్చోవడం చూడనే లేదు. మంచం పట్టెకు ఒరిగినట్టు కూర్చునేది, అన్నం నిలబడే తినేది. నోరు మాత్రం బిగుసుకోలేదు. మోటార్ వైండింగ్ షాపు నుంచి బాపు ఒంటినిండా గ్రీజుతో వస్తే, "వచ్చిండమ్మా మా ఇంజనీరు, జర జరుగుండ్రి, గోడలకు అంటుతది" అనేది. బాపు నవ్వేవాడు కాదు గానీ, ఆ మాట వినబడకపోతే వెళ్లి ఆమె ఒంట్లో ఎలా ఉందో చూసేవాడు.

మోతి నాకంటే పెద్దది. తాతయ్య పోయిన ఏడు ఎటునుంచో వచ్చి అవ్వ మంచం కింద దూరిందట. తరిమినా పోలేదట. ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలిపోయి, ఎప్పుడు చూసినా ఏదో అడగబోయి మరిచిపోయినట్టు ఉండేది దాని ముఖం. అవ్వ వంగలేదు కాబట్టి ఆమె చేతిలోంచి ఏదన్నా జారిపడితే పెద్ద చిక్కు. తీసి ఇవ్వడం మోతికి రాదు, అంత తెలివి దానికి లేదు. ఇంట్లో ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి తీసేదాకా మాత్రం మొరిగేది. అమ్మ కుట్టుమిషను ఆపి లేచి వస్తూ, "అత్తకు కోడల్ని నేనా, ఈ కుక్కనా" అని విసుక్కునేది.

పాత ఇల్లు ఖాళీ చేసి, వెనక వీధిలో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. సామాన్లన్నీ గోనె సంచుల్లో. గరిటె కావాలంటే సంచి మొత్తం కుమ్మరించాలి. అమ్మ మిషను మెట్ల కింద పెట్టుకుంది. మోతికి గేటు పక్కన జాగా దొరికింది. ఇంటి యజమానురాలు, మేం ఇంటామె అనేవాళ్లం, మంచి మనిషి. మొదటి రోజే పప్పుచారు పంపింది. అయితే తాళం చెవి చేతికిచ్చే ముందు అమ్మను పక్కకు పిలిచి ఒక మాట చెప్పింది. పక్కకు పిలిచింది గానీ గొంతు తగ్గించడం ఆమెకు రాదు, అందరికీ వినబడింది.

"ఏమనుకోకు చెల్లె. పెద్దమనిషి పానం బాగలేనట్టున్నది. ఏదన్న అయితే మాత్రం ఈ ఇంట్ల గావద్దు. ముందుగాల్నే చెప్తున్న."

కిరాయికి ఉన్నవాళ్లకు ఈ మాట కొత్త కాదు. మా వైపు కిరాయి ఇంట్లో చావును ఒప్పుకోరు. నక్షత్రం మంచిది కాకపోతే ఆ ఇంటికి నెలల తరబడి తాళం వేసి పాడుపెట్టాలి, మళ్లీ ఎవరూ కిరాయికి రారు. అందుకని దవాఖానలో పోయినవాళ్లను కూడా కిరాయి ఇంటికి తేనివ్వరు. వీధిలో టెంటు వేసి పడుకోబెడతారు, లేకపోతే అటునుంచి అటే తీసుకుపోతారు. ఇంటామె భర్త పోయినప్పుడు నక్షత్రం కుదరలేదట, ఆమె పిల్లల్ని వేసుకుని ఒక చలికాలమంతా రేకుల కింద ఉందట. అది తెలిశాక ఆమె మీద నాకు కోపం నిలవలేదు. ఆ రోజు మాత్రం అమ్మ ముఖం చిన్నబోయింది. అవ్వ ఒళ్లంతా తిప్పి ఇంటామెను చూసి, "ఫికర్ చెయ్యకు బిడ్డా, నా ఇంటి దర్వాజ చూసినంకనే పోత" అంది.

పాత ఇల్లు కూలుస్తుంటే మోతి రోజూ అక్కడికే పోయేది. పొద్దున నేను పనివాళ్లకు చాయ్ తీసుకుపోతే ఆ పెంకులు, మొద్దులు, మట్టి నడుమ పడుకుని ఉండేది. అవ్వ మంచం ఉండే చోటు అది. గోడ లేదు, కప్పు లేదు, అయినా దానికి ఆ చోటు తెలుసు. పనివాళ్లు గడ్డపారతో నేల మీద చప్పుడు చేస్తే లేచి నాలుగడుగులు పోయి, వాళ్లు అటు తిరగగానే మళ్లీ వచ్చి పడుకునేది. దాని ఒళ్లంతా దుమ్ము. సాయంత్రం చీకటి పడబోతుంటే తిరిగొచ్చి అవ్వ దగ్గర తుమ్మేది. అవ్వ వంగి తుడవలేదు. చేతికర్రకు పాత చీర పేలిక చుట్టి దాని వీపు మీద అటూ ఇటూ రుద్దేది.

ముగ్గు పోశారు, పునాదులు లేచాయి, గోడలు లేచాయి. ఇల్లు కట్టడమంటే బాపు సన్నబడటం అని ఆ రోజుల్లో అనుకునేదాన్ని. ఇసుక వస్తే నీళ్లు రావు, నీళ్ల ట్యాంకరు వస్తే మేస్త్రి రాడు. దర్వాజ ఎత్తిన రోజు ఒక్కటే మాకు పండుగలా గడిచింది. కొత్త చెక్కకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నవధాన్యాల మూట కట్టి, కొబ్బరికాయ కొట్టారు. అవ్వను ఆటోలో తీసుకొచ్చి నిలబెట్టారు. ఆమె ఆ చెక్కను అరచేత్తో తడిమి ఏమీ అనలేదు. అవ్వ ఏమీ అనకపోవడం చూసి బాపు కంగారు పడ్డాడు. పోయేముందు మేస్త్రి బాపుతో చెప్పాడు, గృహప్రవేశం అయ్యేదాకా గడప లోపల చెడ్డపని ఏదీ జరగకుండా చూసుకోమని. అది అందరు మేస్త్రీలూ అందరికీ చెప్పే మాటే. మేం తలలూపాం.

ఆ తర్వాతే మోతి తిండి మానేసింది. మొదట ఎండకని అనుకున్నాం. అమ్మ పెరుగన్నం కలిపి పెడితే వాసన చూసి, తప్పు చేసినట్టు తల పక్కకు తిప్పుకుంది. పొట్ట ఉబ్బింది, చిగుళ్లు తెల్లబడ్డాయి. అప్పటికి స్లాబు వేయడానికి సెంట్రింగ్ అంతా కట్టేసి ఉంది, మరునాడు పొద్దున్నే పని. ఆ హడావుడిలోనే బాపు దాన్ని తువ్వాలలో చుట్టి, నన్ను వెంటబెట్టుకుని పశువుల దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు చూసి, లోపల చెడిపోయింది, ముసలిది, ఇక సూదులు పొడిచి బాధపెట్టవద్దు అన్నాడు. ఇవాళ దాటడం కష్టమన్నాడు. "ఇంటికి తీస్కపోండ్రి, నిమ్మలంగ ఉండనీయండ్రి" అన్నాడు.

ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఏ ఇంటికన్నది ఆటోలో కూర్చున్నాక గానీ బాపుకు తట్టలేదు.

కిరాయి ఇంటి ముందు దిగేసరికి ఇంటామె గేటు దగ్గరే నిలబడి ఉంది. మోతిని చూసింది, బాపు ముఖం చూసింది. ఆమెకు అర్థమైంది. గేటు మూయలేదు గానీ దానికి అడ్డంగా జరిగింది.

"తమ్మి, కుక్కదైనా పానమే గద. నా ఇల్లు ఒకసారి పాడువడ్డది. మల్ల నాతోని గాదు."

బాపు మోతిని ఎత్తుకుని కొత్త ఇంటి దిక్కు నడిచాడు. అక్కడ మేస్త్రి సెంట్రింగ్ కింద కర్రలు సరిచూస్తున్నాడు. అతను చేతులు జోడించినంత పని చేశాడు. "అన్నా, దర్వాజ ఎత్తినంక లోపల పానం పోతె రేపు నా మనుషులు స్లాబు ఎక్కరు. నేను చెప్పినా ఎక్కరు" అన్నాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. పైన కర్రల మీద నడిచేవాళ్లకు అలాంటి భయాలు ఉంటాయి, ఉండాలి కూడా. పునాది దాటి గోడ పక్కన పెడదామన్నా అది కూడా మా జాగా లోపలే.

ఎవరో పనివాడు దారి చెప్పాడు. గోనె సంచిలో వేసుకుని ఖిల్లా గుట్ట కింద నీడలో వదిలేసి రమ్మన్నాడు, పొద్దుగాల వెళ్లి మట్టి చేయొచ్చన్నాడు. అందులో చెడ్డతనమేమీ లేదు, చాలామంది చేసేదే. బాపు మోతిని నీడలో దించి, సిమెంటు సంచులు పరిచిన చోటికి వెళ్లి ఒక ఖాళీ గోనె సంచి దులిపాడు. నేను ఏడవలేదు. ఏడవాలని కూడా తోచలేదు, బాపు చేస్తున్నాడంటే సరైనదే అయి ఉంటుందనుకున్నాను.

మోతినీ సంచినీ పట్టుకుని కిరాయి ఇంటి ముందు నుంచే పోవాలి. అవ్వ గేటు బయట కర్ర ఆనించుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో తెలియదు. సంచి చూసింది.

"సంచెందుకు బిడ్డా?"

బాపు చెప్పాడు. ఇంటామె ఒప్పుకోలేదని, మేస్త్రి ఒప్పుకోలేదని, స్లాబు ఆగితే మళ్లీ ఎప్పుడో తెలియదని, తన చేతిలో ఏముందని. మా బాపు ఒకేసారి అంత మాట్లాడటం నేను అదే వినడం. అవ్వ అంతా విన్నది. ఆమె గొంతులో కోపం లేదు, అదే నాకు ఇప్పటికీ భయంగా ఉంటుంది.

"నా దినం వచ్చిన్నాడు గూడ గిట్లనే సంచి తెస్తవా?"

బాపు తల వంచుకున్నాడు. అవ్వ ఇంటామెను తిట్టలేదు. మేస్త్రిని తిట్టలేదు. "ఆళ్ల గడప ఆళ్లకు పదిలం. బజారు ఎవ్వలదిగాదు గద. ఈడ పోనీ" అని, తన గొంగడి తెమ్మని అమ్మకు చెప్పింది. వీధిలో, రెండు ఇళ్లకూ నడుమ ఒక గోడ పక్కన దాన్ని పరిపించింది. తర్వాత, "నన్ను కింద కూసోవెట్టుండ్రి" అంది.

అమ్మా బాపూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె మోకాళ్లు ఎన్నేళ్లుగానో వంగలేదు. వద్దమ్మా, నేను కూసుంట అని బాపు అంటే, "నువ్వు స్లాబు పని చూసుకో" అంది. అది ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అన్నది. ఇద్దరూ చంకల కింద చేతులేసి ఆమెను కొద్దికొద్దిగా దించారు. దించుతున్నంతసేపూ ఆమె పళ్ల మధ్య నుంచి సన్నగా ఒక చప్పుడు వచ్చింది. వీపు గోడకు ఆనించి, కాళ్లు చాపి కూర్చున్నాక ఆమె ముఖమంతా చెమట. బాపు మోతి తలను ఆమె తొడ మీద పెట్టాడు. అది ఊపిరి వదిలింది. పాత ఇంట్లో మంచం కింద దూరి పడుకునేముందు అలాగే వదిలేది.

ఎండ ముదిరింది. అమ్మ మంచాన్ని నిలువుగా నిలబెట్టి, దాని మీద చీర కట్టి నీడ చేసింది. వీధి సన్నది. ఆటోలు హారన్లు కొట్టి, తర్వాత మంచాన్నీ ముసలామెనూ చూసి మెల్లగా పక్కనుంచి పోయాయి. కొందరు నవ్వారు. పొలం నుంచి వస్తున్న ఒకామె ఆగి, ఎవరికేమైందని అడిగి, కుక్కకని తెలిసి కూడా తన సీసాలో నీళ్లు దాని నాలుక మీద పోసి పోయింది. బాపు పని దగ్గరికి పోవడం, తిరిగి రావడం. ఒకసారి వచ్చి, "మంది చూస్తున్నరమ్మా" అన్నాడు మెల్లగా.

"చూడనీ. సాకినం గద" అంది అవ్వ.

నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. మోతి పొట్ట ఎగిరెగిరి పడుతోంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి, చూస్తున్నాయో లేదో తెలియదు. నాకు భయమేసి కాళ్లు ముడుచుకున్నాను. అవ్వ నా చెయ్యి తీసుకుని దాని పక్కటెముకల మీద పెట్టింది. లోపల ఏదో కొట్టుకుంటోంది, ఆగుతోంది, మళ్లీ కొట్టుకుంటోంది. చెయ్యి వెనక్కి లాక్కోబోయాను.

"భయమైతే భయపడు బిడ్డా, చెయ్యి మాత్రం తియ్యకు. మనం ఉన్నమని దానికి ఎర్కైతది."

ఆ తర్వాత ఆమె నాకేమీ చెప్పలేదు. మోతి దేవుడి దగ్గరికి పోతుందనో, నిద్రపోతుందనో చెప్పలేదు. పెద్దవాళ్లు పిల్లలకు చెప్పే మాటలేవీ ఆమె నోట రాలేదు. దానితోనే మాట్లాడింది. ఎప్పుడో తిన్న కోడి గురించి, దొంగతనంగా నాకిన పాలగిన్నె గురించి, పేరుపేరునా దాని తప్పులన్నీ ఒప్పజెప్పి, "అన్నిటికీ మాఫీ పో" అంది. దీపాలు పెట్టే వేళకు నా చేతి కింద కొట్టుకోవడం ఆగింది. మళ్లీ మొదలవుతుందని ఎదురుచూశాను. అవ్వ కూడా ఎదురుచూసిందనుకుంటాను, ఎందుకంటే చాలాసేపు ఇద్దరం కదల్లేదు.

అవ్వ లేవలేకపోయింది. పొద్దంతా కూర్చున్న కాళ్లు అలాగే గడ్డకట్టుకుపోయాయి. బాపు ఒక్కడితో కాకపోతే మేస్త్రి పరుగెత్తుకొచ్చి, "పట్టుకో పెద్దమ్మా" అని రెండో పక్క ఎత్తాడు. ఇంటామె వేడినీళ్ల బకెట్టు గేటు బయటికి తెచ్చి పెట్టింది. వంగి అవ్వ కాళ్లు తనే కడిగింది. కడుగుతూ ఏడ్చింది గానీ తన మాట తప్పని మాత్రం అనలేదు. నాకు ఆ రోజు అది అర్థం కాలేదు. మనుషులు తమ భయాన్ని దాటలేకపోయినా దాని అంచుదాకా వచ్చి నిలబడగలరని తర్వాత తర్వాత తెలిసింది.

మోతిని బాపు గుట్ట కింద పూడ్చాడు. గొయ్యిలో ఉప్పు పోసి, గొంగడిలో చుట్టి పెట్టాడు. గోనె సంచి వాడలేదు. మరునాడు స్లాబు పడింది. పనివాళ్లకు అమ్మ వండిపెట్టింది, అందరూ తిన్నారు. అవ్వ మాత్రం ఆ తర్వాత సరిగా నడవలేదు. నడుములో ఏదో పట్టిందనేది. ఆ పూట నేల మీద కూర్చున్నందుకే అని అమ్మ, కాదు వయసని బాపు. ఇద్దరికీ తెలుసు, బాపు మాత్రం పైకి ఒప్పుకోలేదు. అవ్వ కుక్క కోసమే అంతసేపు కూర్చుందా, తన కొడుకుకు ఏదో చూపించడానికి కూర్చుందా అని నేను చాలాసార్లు ఆలోచించాను. రెండూ అయి ఉండవచ్చు. ఆమెను అడగాల్సింది.

గోడలకు సిమెంటు పూత అవుతుండగా ఆమె పడిపోయింది. నల్లగొండ దవాఖానలో కొన్నాళ్లు ఉంచుకుని, అక్కడ కూడా అదే మాట చెప్పారు, ఇంటికి తీసుకుపోండని. జీపులో నేను అమ్మతో వెనక కూర్చున్నాను, అవ్వ తల అమ్మ ఒళ్లో ఉంది. దేవరకొండ రాగానే డ్రైవరు "ఏ బజారుకు, అన్నా?" అని అడిగాడు. బాపు వెనక్కి తిరిగి అవ్వను చూశాడు. తర్వాత కొత్త ఇంటి దారి చెప్పాడు.

అప్పటికే చుట్టాలు వచ్చి ఉన్నారు. ఆ ఇంటికి తలుపులు లేవు, బండలు వేయలేదు, గృహప్రవేశం కాలేదు. పాలు పొంగించని ఇంట్లోకి పోయే ప్రాణాన్ని ఎవరైనా తీసుకుపోతారా అన్నారు. ముందు వీధిలో టెంటు వేద్దాం, మంచం తెప్పిద్దాం, బయటే ఉంచుదామన్నారు. మా బాపు గొంతు పెంచే మనిషి కాదు. అప్పుడూ పెంచలేదు.

"మా అమ్మ ఒకసారి బజార్ల కూసున్నది. సాలు."

చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. వంగని కాళ్లు దర్వాజకు తగలకుండా పక్కకు తిరిగి లోపలికి తీసుకుపోయాడు. ఇసుక నేల మీద మంచం వేసి పడుకోబెట్టాడు. అవ్వకు తెలివి ఉంది. పైకి చూసింది, స్లాబు దిక్కు. "జర పెద్దగనే కట్టినవు కొడుకా" అంది. మరుసటి రోజు పొద్దు వాలేదాకా ఉంది. మేమందరం చుట్టూ ఉన్నాం. చివర్లో నా చెయ్యి ఎక్కడ పెట్టాలో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

నక్షత్రం మంచిది కాలేదు. మా కొత్త ఇంటికి, మేం ఒక్క పూట వండుకు తినని ఇంటికి, తాళం వేసి నెలల తరబడి పాడుపెట్టాం. దారిన పోయేవాళ్లు చూసి నాలుకలు చప్పరించారు. బాపు ఏనాడూ పశ్చాత్తాపపడినట్టు నాకు కనబడలేదు. రోజూ సాయంత్రం షాపు నుంచి వస్తూ బయట నిలబడి ఒకసారి చూసి వచ్చేవాడు.

ఇప్పుడు మా వాళ్లలో ఎవరికి బాగాలేదన్నా నాకే కబురు వస్తుంది. వెళ్లి ధైర్యం చెప్పడం నాకు రాదు. ఊరికే కూర్చుంటాను. ఎప్పుడైనా భయమేస్తుంది, లేచి పోవాలనిపిస్తుంది, పోను. మొన్నొకసారి మా చిన్నాన్నను చూడ్డానికి దవాఖానకు పోతే వరండాలో స్ట్రెచర్ మీద ఎవరో ముసలాయన ఒక్కడే ఉన్నాడు, ఊపిరి ఆగి ఆగి వస్తోంది. కొడుకు మందులకు పోయాడని ఎవరో చెప్పారు. పక్కన స్టూలు లాక్కుని ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి మందుల కవరుతో కొడుకు పరుగెత్తుకొచ్చి, వగరుస్తూ, "మీరెవరమ్మా" అని అడిగాడు. ఆయన చెయ్యి కొడుకు చేతిలో పెట్టి, లేచి జాగా ఇచ్చాను.